మడతల బల్ల దగ్గర మాట

ఆ లాండ్రీలో అందరికీ ఆమె అక్కే. తనకన్నా పెద్దవాడైన ఇస్త్రీ ఆయన అక్కా అంటాడు, వ్యాను డ్రైవరు అక్కా అంటాడు, హోటళ్ళ నుంచి ఫోను చేసే సూటుబూటు మేనేజర్లు కూడా "ఒకసారి అక్కగారికి ఇస్తారా" అంటారు. చివరికి కన్నతండ్రికి చిరాకు పుట్టినా "ఏమ్మా అక్కగారూ, తమరి బుర్ర ఎక్కడుంది?" అనే వస్తుంది నోట్లోంచి. ఇలా అందరికీ అక్క అయిపోయిన మనిషికి నిజంగా తోడబుట్టినవాడు మాత్రం ఒక్కడే. వాణ్ణి చిన్నోడు అంటారు. మీసాలొచ్చినా, బిజినెస్ స్కూల్లో చదివి పట్టా పట్టుకొచ్చినా వాడు చిన్నోడే.

పేరుకు యజమాని నాన్న. పొద్దున్నే వచ్చి కౌంటరు వెనక కుర్చీలో కూర్చుంటాడు, పేపరు చదువుతాడు, చదివిందాన్నల్లా తిడతాడు, భోజనం వేళకు ఇంటికెళ్ళిపోతాడు. మిగతాదంతా అక్క నెత్తిమీదే. హోటలు దుప్పటి మీద ఏ మరక పడితే ఏ తొట్టిలో వెయ్యాలి, ఆసుపత్రి బట్టలు దేంతోనూ కలవకుండా ఏ తలుపు నుంచి లోపలికి రావాలి, ఆరబెట్టే డ్రమ్ము ఎప్పుడు మొరాయిస్తుంది, ఇస్త్రీ ఆయన ఎప్పుడు మొరాయిస్తాడు, అన్నీ ఆమె చూసుకోవాల్సిందే. అమ్మ చనిపోయిన ఏడాదే చదువు మధ్యలో ఆపేసి ఆ గుమ్మం తొక్కింది. మొదట తప్పక వచ్చింది. రానురాను ఆ లాండ్రీయే ఆమె ప్రాణమైపోయింది. ఈ సంగతి ఇక్కడే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగిన గొడవలో అందరూ మరిచిపోయింది ఇదొక్కటే.

వెనక గదిలో మడతల బల్ల ఉంది. హోటలు దుప్పట్లు ఒక్క మనిషి మడతపెట్టేవి కావు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలూ పట్టుకోవాలి, ఫట్‌మని ఒక్కసారి దులపాలి, అంచుకు అంచు చేర్చాలి, తర్వాత ఒకరు నడిచి వెళ్ళి తమ కొస ఎదుటివాళ్ళ చేతిలో పెట్టాలి. వాళ్ళు పట్టుకున్నాకే వదలాలి. ముందే వదిలితే దుప్పటి నేలపాలు, మళ్ళీ ఉతుకు. రోజంతా అలా మొహాలు దగ్గరకొస్తూ దూరమవుతూ ఉంటే నోళ్ళు ఊరుకుంటాయా? ఎవరింట్లో ఎవరు తాగొచ్చారు, ఎవరి అత్త ఎవరిని ఎంత మాటంది, ఎవరికి ఎవరి మీద మనసైంది, అన్నీ అక్కడే బయటపడతాయి. ఎప్పుడో అలా బయటపడ్డ మాటను ఎవరో మోసుకుపోతే ఒకామె కాపురం కూలినంత పనైంది. అప్పట్లో మడతలు చూసుకునే పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, బల్ల మీద చరిచి మరీ చెప్పింది: "ఇక్కడన్న మాట గుమ్మం దాటిందా, దాటించినవాళ్ళు మళ్ళీ నా ఎదురుగా దుప్పటి పట్టుకోనక్కర్లేదు." మోకాళ్ళ నొప్పులతో పెద్దమ్మ ఇంటికి చేరినా ఆ కట్టుబాటు చెక్కుచెదరలేదు. కొత్తగా చేరినవాళ్ళకు సబ్బుపొడి ఎక్కడుందో చెప్పకముందే అది చెబుతారు. చిన్నోడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. వాడు పెరిగిందే ఆ బల్ల చుట్టూ.

వాణ్ణి బిజినెస్ స్కూలుకు పంపమని నాన్న చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కూడా అక్కే.

"బట్టలుతకడానికి అంత చదువెందుకే?" అన్నాడు నాన్న.

"ఉతకడానికి నేనున్నాగా. ఉతికించుకునేవాళ్ళతో మాట్లాడ్డానికి ఒకడు కావాలి నాన్నా. నువ్వు నోరు తెరిస్తే తగాదా, నేను తెరిస్తే నసుగుడు."

చిన్నోడు మాత్రం ఏం తక్కువ తిన్నాడు? వాడికి చిన్నప్పటి నుంచీ చెవులు అలంకారానికే ఉండేవి. అన్నానికి పిలిస్తే ఫోనులోంచి తల ఎత్తకుండా "ఊఁ" అనేవాడు. ఇల్లంటుకుందన్నా అదే "ఊఁ". అలాంటివాణ్ణి బాగుచేసే చదువు ఏదైనా ఉంటే అదెంత కష్టమైనా చదివించాల్సిందేనని అక్క పట్టుబట్టింది. నాన్న ఒప్పుకున్నాడు.

తిరిగొచ్చిన చిన్నోడు వేరే మనిషి. వచ్చిన కొత్తల్లోనే ఒక మధ్యాహ్నం వెనక గదిలోకి వచ్చి, అక్కకు ఎదురుగా మడతపెడుతున్న పొడుగామెను "నువ్వెళ్ళి టీ తాగిరా, నేను పట్టుకుంటా" అని పంపేశాడు. జేబులోంచి ఫోను తీసి కిటికీ గట్టు మీద బోర్లా పెట్టాడు.

"పోయిందా?" అంది అక్క.

"ఎవరు?"

"నీ ఫోను. బోర్లా పడుకోబెట్టావు కదా అని."

వాడు నవ్వాడు. "లేదక్కా. నీతో మాట్లాడదామని. నీ భుజం ఎలా ఉంది?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అక్క దుప్పటి దులిపింది. "ఏముంది. ఉంది."

వాడు ఏమీ అనలేదు. అలా చూస్తూ నిలబడ్డాడు. ఆ ఊరుకోవడం ఎంత సాగిందంటే, మధ్యలో ఏదో ఒకటి అనకపోతే మర్యాద కాదనిపించింది అక్కకు.

"రాత్రిళ్ళు ఎడమపక్కకు తిరగలేనురా."

"తిరగలేవా."

"చెయ్యి పైకెత్తానంటే కరెంటు కొట్టినట్టుంటుంది."

"అంటే రోజూ ఆ నొప్పితోనే ఇదంతా చేస్తున్నావు."

"మరి నువ్వొచ్చి చేస్తావా?"

"చాలా అలిసిపోయావక్కా. నాకు అర్థమవుతోంది."

అక్కకు కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. నేరం ఆవిరి మీద తోసేసి కొంగుతో తుడుచుకుంది. తన కొస పట్టుకుని వాడి దగ్గరకు నడిచి చేతిలో పెట్టింది. వాడు పట్టుకున్నాడు.

ఆ తర్వాత రోజూ అదే వేళకు వచ్చేవాడు. ఎన్నేళ్ళుగానో మూత పెట్టి ఉంచిన మనిషి కదా, మూత తీశాక ఇక ఆగలేదు. పెద్ద హోటల్లో గదులు చూసే హెడ్డు మేడమ్ ఈ లాండ్రీని వదలనిది ఉతుకు చూసి కాదని, ఆవిడ కొడుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు తను అన్నం పట్టుకెళ్ళినందుకని చెప్పింది. ఒకప్పుడు ఆసుపత్రివాళ్ళు బట్టల విభాగంలో మంచి ఉద్యోగం ఇస్తామంటే వద్దందని చెప్పింది. సబ్బుపొడి అమ్మడానికి వచ్చే మనిషంటే తనకు ఇష్టముండేదని, అతనికి బదిలీ అయ్యేదాకా ఆ సంగతి తనకే సరిగా తెలియలేదని కూడా చెప్పింది. ఆ మాట చెప్పి తనే సిగ్గుపడి, దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుంది.

ఒకరోజు డ్రమ్ము మొండికేసింది. ఆసుపత్రివాళ్ళు ఫోనులో నానా మాటలూ అన్నారు. ఇస్త్రీ ఆయన కూడా సరిగ్గా ఆ రోజే అలిగి కూర్చున్నాడు. సాయంత్రం బల్ల దగ్గర అక్క అంది: "ఒక్కోసారి ఈ తలుపుకు తాళం వేసి, ఆ తాళంచెవి కాలవలో పారేసి, మళ్ళీ ఇటు మొహం చూపించకూడదనిపిస్తుందిరా."

"మళ్ళీ మొహం చూపించకూడదనిపిస్తుంది" అన్నాడు చిన్నోడు, మెల్లగా.

"ఊఁ" అంది అక్క.

పిల్లల్ని పెంచే ఏ తల్లినైనా అడగండి, ఇలాంటి మాట రోజుకొకటి అంటుంది. ఇష్టమైన పని మీదే మనిషికి అంత విసుగొస్తుంది. మర్నాడు అందరికన్నా ముందు వచ్చి తాళం తీసింది ఆమే. ఇంట్లో నాన్నతో, "చిన్నోణ్ణి చదివించడం మంచిదైంది నాన్నా. మనిషయ్యాడు" అని మురిసిపోయింది.

కొన్నాళ్ళకు చిన్నోడు ఓ కబురు మోసుకొచ్చాడు. ఎన్నో ఊళ్ళలో లాండ్రీలున్న పెద్ద కంపెనీ ఒకటి మన లాండ్రీని తీసుకుంటానంటోందని, బోర్డు మారుతుందే తప్ప అంతా ఇక్కడే ఇలాగే ఉంటుందని, వివరాలన్నీ బొమ్మలు వేసి చూపిస్తానని అన్నాడు. "నాన్న ఒప్పుకోడులే" అని అక్క తనకు తనే ధైర్యం చెప్పుకుంది. బొమ్మలు చూపించే యంత్రం పట్టుకుని వాడితో చదువుకున్న కళ్ళజోడు పిల్ల వచ్చింది. ముందు గదిలో తెల్ల గోడ లేదు. తమ్ముడు అడిగాడు కదా అని అక్కే ఒక కొత్త దుప్పటి ఇస్త్రీ చేసి, తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీసింది. పక్కన నిలబడి క్లిప్పులు అందిస్తూ ఆ పిల్ల ఒకటే కబుర్లు.

"మీ గురించి ఎంత చెప్పాడో అక్కా! వినడంలో మా బ్యాచ్ మొత్తానికి వీడే ఫస్టు, తెలుసా?"

"వినడానికి కూడా పరీక్ష పెడతారా?"

"ఇప్పుడదే ముఖ్యం అక్కా. లెక్కలు కంప్యూటరు చేసేస్తుంది. ఎదుటి మనిషి మనసు విప్పించడం మాత్రం మేనేజరుకే రావాలంటారు. మొదట్లో వీడు దాంట్లో ఫెయిలు! నేనే కూర్చోబెట్టి నేర్పించా. ఫోను వాళ్ళకి కనపడేలా బోర్లా పెట్టాలి. వాళ్ళన్న ఆఖరి మాట మళ్ళీ వాళ్ళకే అనాలి. వాళ్ళు ఆగితే మనం తొందరపడకూడదు, ఊరుకుంటే వాళ్ళే చెప్పేస్తారు. చివర్లో 'నాకు అర్థమవుతోంది' అనాలి. భలే పనిచేస్తుందక్కా!"

అక్క నవ్వింది. నవ్వుతూనే ఆఖరి క్లిప్పు పెట్టింది. కిటికీ గట్టు మీది ఫోను గుర్తొచ్చింది గానీ, పిల్ల ముచ్చటపడి చెబుతోంది కదా అని సర్దుకుంది.

కిటికీలు మూశారు. నాన్న కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. దుప్పటి మీద రంగురంగుల గీతలు వచ్చాయి, పోయాయి. తర్వాత పెద్ద అక్షరాలతో ఒక వాక్యం వచ్చింది: ఈ వ్యాపారమంతా ఒకే ఒక్క మనిషి మీద ఆధారపడి ఉంది. దాని కింద, ఒకదాని తర్వాత ఒకటిగా, అక్క మాటలు. రాత్రిళ్ళు ఎడమపక్కకు తిరగలేను. హోటలు మమ్మల్ని వదలనిది ఉతుకు చూసి కాదు. తాళం వేసి మళ్ళీ ఇటు మొహం చూపించకూడదనిపిస్తుంది. అన్నిటికన్నా కింద చిన్నోడి సొంత మాట ఒకటి: వ్యక్తిగత జీవితం లేదు. సబ్బుపొడి మనిషి పేరు మాత్రం ఎత్తలేదు. అంత దయ చూపించాడు.

తను చేసిన ఇస్త్రీ మీద తన మాటలు ముడత లేకుండా మెరిసిపోతుంటే అక్క చూస్తూ నిలబడిపోయింది. నలుగురిలో బట్టలు లాగేసినట్టయింది.

నాన్న వెనక్కి తిరిగాడు. "ఇవన్నీ నువ్వన్నవేనా అమ్మాయ్?"

"అన్నాను నాన్నా, కానీ..."

"కానీ లేదు, ఏం లేదు." నాన్న కుర్చీలోంచి లేచాడు. "ఇన్నేళ్ళూ నువ్వు రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే నేను పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. నాతో చెప్పకూడదా తల్లీ? సంతకం పెట్టేస్తా. ఇకనన్నా సుఖంగా ఉండు."

"నాకు సుఖం వద్దు నాన్నా. లాండ్రీ కావాలి."

"చూశావట్రా," అన్నాడు నాన్న కొడుకుతో, కళ్ళు తుడుచుకుంటూ, "ఇప్పటికీ నాకోసమే అంటోంది."

ఎంత కాదంటే అంత త్యాగంలా కనబడుతోంది. చిన్నోడు దగ్గరకొచ్చి ఆమె మోచేతి మీద చెయ్యి వేశాడు. "నీకు కష్టంగా ఉంది. నాకు అర్థమవుతోందక్కా" అన్నాడు.

అదే మాట, అదే గొంతు. బల్ల దగ్గర కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన అదే మెత్తదనం. అప్పుడు తెలిసొచ్చింది అక్కకు. నమ్మించి గొంతు కొయ్యడం అంటే కత్తి పట్టుకొచ్చేవాడి పని అనుకుంటాం. మన మాటే మనకు తిరిగి అప్పజెప్పి కోసేవాడు కూడా ఉంటాడని, వాడికి మార్కులు కూడా వేస్తారని ఆమె ఎక్కడ ఊహించింది?

మర్నాడు భోజనాల వేళకు కంపెనీవాళ్ళు కాగితాలతో వస్తారన్నారు. పొద్దున్నే చిన్నోడు మడతల బల్ల దగ్గరకు వచ్చాడు. పొడుగామె వాడిని చూసి, అక్కను చూసి, ఇస్త్రీ గదిలోకి వెళ్ళిపోయింది. వాడు ఫోను కిటికీ గట్టు మీద బోర్లా పెట్టబోయి, ఆగి, జేబులో వేసుకున్నాడు. అక్క దుప్పటి కొస వాడి వైపు విసిరింది.

"నీ మనసులో ఏముందో చెప్పక్కా."

అక్క పలకలేదు. పట్టుదలకు కాదు, ఆమె దగ్గర మాటే లేదు. దుప్పటి దులిపింది, అంచులు చేర్చింది, నడిచి వెళ్ళి కొస వాడి చేతిలో పెట్టింది, ఇంకొకటి తీసింది. గుట్ట తరుగుతోంది. దుప్పటి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఆగితే ఎదుటివాళ్ళే నింపుతారని వాడికి నేర్పినవాళ్ళు, ఎదుటివాళ్ళు ఆగితే ఏం చెయ్యాలో నేర్పలేదు కాబోలు.

"ఏదో ఒకటి అనక్కా! తిట్టు!" అన్నాడు చివరికి. "నేను నిజంగానే విన్నానక్కా. మొదలుపెట్టింది ప్రాక్టీసుకే. తర్వాత మాత్రం నిజంగానే విన్నాను. ఒట్టు."

"ఏ రోజు నుంచి?" అంది అక్క.

ఆమెకు కావలసింది అదొక్కటే. భుజం సంగతి అడిగిన రోజు నిజమా, సబ్బుపొడి మనిషి సంగతి విన్న రోజు నిజమా? ఎక్కడి నుంచి నిజమో తెలిస్తే ఆ కాస్తయినా దాచుకునేది. వాడికే తెలియదు.

"నాకు ఎక్కడా ఉద్యోగం రాలేదక్కా," అన్నాడు వాడు, దుప్పటి అంచు నలుపుతూ. "అందరికీ వచ్చాయి. నాకే రాలేదు. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లలేదు. ఈ కంపెనీవాళ్ళొక్కళ్ళే పిలిచారు. మన హోటళ్ళ బేరం, ఆసుపత్రి బేరం తెచ్చిపెడితే మేనేజరు పోస్టు ఇస్తామన్నారు."

"మరి ఇక్కడ?"

"మూసేస్తారు. మిషన్లు పాత ఇనుముకే. పనివాళ్ళంటావా... కంపెనీకి వాళ్ళ మనుషులున్నారు." గొంతు ఇంకా తగ్గించాడు. "నాన్నకి తెలీదు. తెలిస్తే సంతకం పెట్టడు."

అక్క చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. ఇస్త్రీ గదిలోంచి పొడుగామె దగ్గు వినబడింది. ఆమెకు ఈ పని తప్ప ఇంకో ఆధారం లేదు. ఒక్క కేక వేసి నాన్నకు చెప్పేస్తే చాలు, అంతా ఆగిపోతుంది. కానీ ఆ మాట వాడు బల్ల దగ్గర అన్నది. ఎవరు తప్పినా తను తప్పకూడదు. తమ్ముడికింకా ఒక దారి ఉంచాలని కూడా ఉంది ఆమెకు. అంత జరిగాక కూడా ఉంది, ఏం చేస్తాం, తోడబుట్టినవాడు.

"నాన్నా, ఒకసారి ఇలా రా" అని పిలిచింది.

నాన్న పేపరు చంకలో పెట్టుకుని వచ్చాడు. అక్క తన కొస ఆయన చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో. చిన్నోడు నీకో మాట చెబుతాడు" అని, తమ్ముడి మొహంలోకి ఒక్కసారి చూసి, బయటకు వెళ్ళి తలుపు పక్క గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇలాగేనా పట్టుకోవడం?" అంటున్నాడు నాన్న లోపల. "చెప్పరా, ఏంటి?"

డ్రమ్ము తిరుగుతోంది. చెప్పరా, చెప్పు, నీ నోటితో నువ్వే చెప్పు అని అక్క లోలోపల బతిమాలుకుంది.

"ఏం లేదు నాన్నా," అన్నాడు చిన్నోడు మెత్తగా. "అక్కకి భుజం నొప్పిగా ఉందట. కాసేపు కూర్చుంటుందట."

నిన్నటిదానికి చదువును తిట్టుకుంది, కంపెనీని తిట్టుకుంది, కళ్ళజోడు పిల్లను కూడా తిట్టుకుంది. ఈ మాటకు తిట్టుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. అక్క లోపలికి వెళ్ళింది. "మూసేస్తారట నాన్నా," అంది. "మిషన్లు ఇనుముకి అమ్మేస్తారట. ఒక్కళ్ళని కూడా ఉంచరట. వీడికి ఉద్యోగం ఇస్తారట. ఇప్పుడే, ఇక్కడే చెప్పాడు."

నాన్న చేతుల్లోంచి దుప్పటి జారి నేలమీద పడింది. "అవునట్రా?" అన్నాడు.

చిన్నోడు నాన్న వైపు చూడలేదు. అక్కనే చూశాడు, మోసపోయినవాడిలా. "బల్ల దగ్గర చెప్పాను కదక్కా!" అన్నాడు.

ఇస్త్రీ గది గుమ్మంలో పొడుగామె నిలబడి ఉంది. మొదటి నుంచీ వింటూనే ఉంది.

కంపెనీవాళ్ళు వచ్చారు. నాన్న టీ ఇచ్చి, మంచినీళ్ళిచ్చి, ఏ తగాదా లేకుండా సాగనంపాడు. చిన్నోడు ఆ సాయంత్రమే బ్యాగు సర్దుకున్నాడు. ఎక్కడో ఏదో ఉద్యోగం దొరికిందని తర్వాత తెలిసింది. నాన్నకు ఫోను చేస్తాడు. "అక్క ఎలా ఉంది?" అని అడుగుతాడట. నాన్న ఇప్పుడు పేపరు పక్కన పెట్టి, మధ్యాహ్నం కూడా ఉండి, రాని పనిలో వేలు పెట్టి దాన్ని రెండింతలు చేస్తున్నాడు.

లాండ్రీ నిలబడింది. అక్క కోరుకున్నదీ అదే. మడతల బల్ల దగ్గర ఇప్పుడు కూడా ఇద్దరిద్దరు నిలబడి దుప్పట్లు దులుపుతారు. ఎండ గురించి, వాన గురించి, డ్రమ్ము గురించి మాట్లాడుకుంటారు. ఎవరింట్లో ఎవరు తాగొచ్చారో ఎవరూ చెప్పరు. అక్కను ఎవరూ తప్పుపట్టలేదు. ఆమె అలా చెయ్యబట్టే తమ పని నిలిచిందని అందరికీ తెలుసు. అయినా కట్టుబాటు పోయింది. పోగొట్టింది ఎవరో అక్కకు తెలుసు: మొదట వాడు, తర్వాత తను.

చలి మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం, దుప్పటి దులుపుతూ అక్క మొహం చిట్లించింది. ఎదురుగా పొడుగామె చేతులు ఆపింది. అటూ ఇటూ చూసి, "భుజం ఎలా ఉందక్కా?" అంది.

ఉత్తి మాటగా అడగలేదు. కళ్ళల్లో బాధ కనబడుతూనే ఉంది. అంచు పట్టుకుని, జవాబు కోసం ఆగి నిలబడింది.

అలా ఆగి నిలబడటం అక్క ఇంతకుముందూ చూసింది, ఇదే బల్ల దగ్గర.

"బాగానే ఉంది" అంది. తన కొస తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టి, గుట్టలోంచి ఇంకో దుప్పటి అందుకుంది.